పార్టిషన్ ముట్టుకోకుండా విండోస్ పక్కన ఉబుంటు: ఒక వుబి కేసు మొదటి నుంచి చివరిదాకా

వుబి అంటే విండోస్‌లోంచే ఉబుంటుని పెట్టే ఇన్‌స్టాలర్. దాన్ని వాడిన ఈ లాప్‌టాప్ 2010 నాటిది. 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, 64 బిట్ విండోస్ 7, యూఈఎఫ్ఐ (యంత్రాన్ని లేపే కొత్త పద్ధతి) లేని పాత బయోస్. అడిగింది ఒక్కటే: విండోస్ ఉన్నది ఉన్నట్టుండాలి, పక్కన ఉబుంటు 12.04 ఎల్‌టీఎస్ (ఈ లినక్స్ సిస్టమ్‌లో ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చిన వెర్షన్) రావాలి. సీ డ్రైవ్‌లో 96 జీబీ ఖాళీ ఉంది, డీవీడీ డ్రైవ్ బాగానే తిరుగుతోంది. చూడగానే గంటలో ముగిసే పనిలా కనిపిస్తుంది. డిస్క్‌ని ఎలా భాగాలు (పార్టిషన్లు) చేశారో చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాక లెక్క మారింది.

అక్కడ వరసగా నాలుగు పార్టిషన్లున్నాయి: బూట్ ఫైళ్లుండే 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్, 283 జీబీ సీ, 14 జీబీ రికవరీ, చివర ఫ్యాట్32 అనే పాత ఫైల్ సిస్టమ్‌తో 103 ఎంబీల టూల్స్ పార్టిషన్. నాలుగూ ప్రైమరీలే. డిస్క్ మొదట్లో ఉండే ఎంబీఆర్‌లో బూట్ కోడ్, పార్టిషన్ పట్టిక ఉంటాయి. ఆ పట్టికలో ప్రైమరీలకి ఉండేవే నాలుగు గళ్లు. అవి నిండిపోతే డిస్క్‌లో ఎన్ని జీబీలు ఖాళీగా ఉన్నా ఐదో పార్టిషన్‌కి చోటుండదు. ఉబుంటు ఇన్‌స్టాలర్ ఇలాంటి డిస్క్ మీద ఖాళీ జాగాని చూపిస్తుంది గానీ వాడుకోనివ్వదు, పక్కన 'అన్‌యూజబుల్' అని రాస్తుంది.

ఇక్కడే చాలామంది పడే గుంట ఒకటుంది. సీని కుదించి, వచ్చిన ఖాళీ మీద విండోస్‌లోంచే 'న్యూ సింపుల్ వాల్యూమ్' నొక్కితే, విండోస్ 7 కాదనదు. ఈ డిస్క్‌ని డైనమిక్ డిస్క్‌గా, అంటే విండోస్ సొంత పద్ధతిలోకి, మారుస్తానని ఒక హెచ్చరిక చూపిస్తుంది. చదవకుండా ఎస్ నొక్కితే మార్చేస్తుంది కూడా. ఆ తర్వాత ఉబుంటు ఇన్‌స్టాలర్ ఆ డిస్క్ మీద పార్టిషన్లు పెట్టలేదు. వెనక్కి బేసిక్ డిస్క్‌గా మార్చాలంటే విండోస్ చెప్పే దారి ఒక్కటే, వాల్యూమ్‌లన్నీ చెరిపెయ్యడం. ఈ కేసులో ఆ హెచ్చరిక దగ్గరే ఆగారు కాబట్టి సరిపోయింది.

మిగిలిన దారులు మూడు. ఒకటి, రికవరీ డీవీడీలు రాసుకుని ఆ 14 జీబీ పార్టిషన్‌ని తీసేసి, ఆ గడిలో, లోపల మరిన్ని పార్టిషన్లు పట్టే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ పెట్టడం. నిజానికి ఇదే సరైన దారి, చివరికి చేరుకున్నదీ ఇక్కడికే. కానీ అప్పటికి డీవీడీలు లేవు, విండోస్‌ని కదిపే సాహసం చేయడానికి వాడేవారు ఒప్పుకోలేదు. రెండోది వర్చువల్ మెషీన్, అంటే విండోస్ లోపలే ఉబుంటుని నడపడం. 2 జీబీ ర్యామ్‌ని ఇద్దరికీ పంచితే ఎవరికీ చాలదు. మూడోది వుబి.

పేరు వినగానే ఊబి గుర్తొస్తే తప్పేమీ లేదు, తెలియకుండా దిగితే అదీ అలాగే లాగుతుంది. విండోస్ మీద మామూలు ప్రోగ్రామ్‌లా నడిచి, ఉబుంటుని సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టే ఇన్‌స్టాలర్ ఇది. విడి ప్రాజెక్టుగా మొదలై, 2008 ఏప్రిల్‌లో వచ్చిన 8.04తో ఉబుంటులో అధికారికంగా చేరింది. 2013 ఏప్రిల్‌లో 13.04 వచ్చేసరికి తీసేశారు. తీసెయ్యడానికి పెద్ద కారణం విండోస్ 8తో వచ్చిన కొత్త యంత్రాలు. యూఈఎఫ్ఐ, జీపీటీ (ఎంబీఆర్ బదులు వచ్చిన కొత్త పార్టిషన్ పట్టిక) డిస్క్ ఉన్నచోట అసలు వుబి బూట్ కాదు, ఎందుకంటే అది వాడే బూట్ ముక్క పాత బయోస్‌కి రాసింది. దానికి తోడు విండోస్ 8 ఫాస్ట్ స్టార్టప్ షట్‌డౌన్ చేసినప్పుడు కూడా సీ డ్రైవ్‌ని సగం నిద్రలో వదిలేస్తుంది. అలా వదిలిన విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రాయడానికి లినక్స్ ఒప్పుకోదు. కాబట్టి ఈ కేసులో చెప్పేదంతా బయోస్, ఎంబీఆర్, విండోస్ 7 లేదా అంతకు ముందటి యంత్రాలకే వర్తిస్తుంది. జీపీటీలో నాలుగు గళ్ల గొడవే లేదు గనక అక్కడ దీని అవసరమూ లేదు.

లోపల ఏం జరుగుతుంది

దీన్ని అర్థం చేసుకోకుండా వుబి వాడితే, చెడినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియదు.

వుబి సీ డ్రైవ్‌లో ఉబుంటు అనే ఫోల్డర్ తెరుస్తుంది. అందులో డిస్క్స్ అనే ఫోల్డర్, దానిలో రూట్.డిస్క్ అనే ఒక పెద్ద ఫైల్ ఉంటాయి. ఉబుంటు మొత్తం, అంటే కెర్నెల్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్), ప్రోగ్రామ్‌లు, హోమ్ ఫోల్డర్, అన్నీ ఆ ఒక్క ఫైల్‌లో లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌గా ఉంటాయి. పక్కనే స్వాప్.డిస్క్ ఉంటుంది, ర్యామ్ నిండితే వాడుకునే చోటు, 256 ఎంబీ. విండోస్ బూట్ మెనూలో ఉబుంటు అనే వరస ఒకటి చేరుతుంది. ఎంబీఆర్‌నీ, పార్టిషన్ పట్టికనీ వుబి తాకదు.

బూట్ అయ్యే క్రమం ఇది. ముందు విండోస్ బూట్ మేనేజర్ వస్తుంది. ఉబుంటు ఎంచుకుంటే అది వుబిఎల్‌డీఆర్.ఎంబీఆర్ అనే చిన్న ఫైల్‌ని లేపుతుంది. అది డిస్క్‌లోని పార్టిషన్లన్నీ ఒక్కొక్కటిగా తడిమి, వుబిఎల్‌డీఆర్ అనే ఫైల్ ఎక్కడుందో పట్టుకుంటుంది. అందులోంచి గ్రబ్ అనే లినక్స్ బూట్‌లోడర్ లేస్తుంది. గ్రబ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదివి, రూట్.డిస్క్‌లోకి వెళ్లి కెర్నెల్‌ని తెస్తుంది. కెర్నెల్ లేచాక సీ డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ప్రోగ్రామ్‌తో /హోస్ట్ ఫోల్డర్ దగ్గర మౌంట్ చేసి (తగిలించి), అక్కడున్న రూట్.డిస్క్‌ని లూప్ డివైస్‌గా (ఫైల్‌నే డిస్క్‌లా చూసే పద్ధతి) రూట్ ఫైల్ సిస్టమ్ చేసుకుంటుంది. ఏది ఎక్కడ మౌంటైందో చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే రూట్ ఎదురుగా లూప్0 అని, /హోస్ట్ ఎదురుగా ఎస్‌డీఏ2 (మొదటి డిస్క్‌లో రెండో పార్టిషన్, అంటే సీ) అని కనిపిస్తాయి. ఇది వర్చువల్ మెషీన్ కాదు. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ అన్నీ నేరుగా ఉబుంటు చేతిలోనే ఉంటాయి. నెమ్మది ఎక్కడైనా తెలిస్తే డిస్క్ పనిలోనే తెలుస్తుంది, ఎందుకంటే ప్రతి రాతా రెండు ఫైల్ సిస్టమ్‌లు దాటాలి.

పెట్టెలో పెట్టె అన్నమాట. లోపలి పెట్టె ఈఎక్స్‌టీ4, దానికి జర్నల్ (చేయబోయే మార్పుల చిట్టా) కాపలా ఉంది. బయటి పెట్టె ఎన్‌టీఎఫ్‌ఎస్. దాన్ని తెరిచి మూసే పని లినక్స్ వైపు నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే ఒక మామూలు ప్రాసెస్ చేస్తుంది. కరెంటు హఠాత్తుగా పోతే లోపలి పెట్టెలోని సరుకు జర్నల్ వల్ల నిలబడొచ్చు గానీ, బయటి పెట్టెలో 'రూట్.డిస్క్ ఇక్కడుంది' అని రాసిన చీటీయే చెదిరిపోవచ్చు. వుబి అంటే అందరి భయం పార్టిషన్ల మీద ఉంటుంది. అసలు ప్రమాదం ఉన్నది ఆ చీటీ దగ్గర.

ముందు చేసినవి

సీ డ్రైవ్ మీద తప్పులు సరిదిద్దే చెక్‌డిస్క్ /ఎఫ్ పెట్టి, రీబూట్ చేసి, పూర్తయ్యాక మళ్లీ ఒకసారి మామూలుగా షట్‌డౌన్ చేశారు. ఇది వదిలేస్తే ఇన్‌స్టాల్ రెండో దశలో 'నో రూట్ ఫైల్ సిస్టమ్ ఈజ్ డిఫైన్‌డ్' అని ఆగిపోవడం తరచూ చూసేదే. సందేశం చదివితే ఉబుంటు పార్టిషనింగ్ తప్పులా అనిపిస్తుంది, చాలాసార్లు కారణం మాత్రం సీ డ్రైవ్ మీద మిగిలిన తప్పులు.

తర్వాత డీఫ్రాగ్, అంటే ఫైళ్ల ముక్కల్ని ఒకచోట చేర్చడం. ఇక్కడ 18 జీబీలు ఉండబోయే రూట్.డిస్క్ ముక్కలు ముక్కలుగా పడితే అటు వేగమూ పోతుంది, ఇటు వుబిఎల్‌డీఆర్‌ని వెతికే చిన్న బూట్ ముక్క కూడా తడబడుతుంది. సీ డ్రైవ్ మీద 'కంప్రెస్ దిస్ డ్రైవ్' టిక్ ఉందేమో చూశారు, లేదు. ఉంటే తీసెయ్యాలి. డ్రైవ్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ ఉన్న యంత్రమైతే వుబి మాట మరిచిపోవడమే. చివరగా అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీతో హైబర్నేషన్ ఆపేశారు. విండోస్ హైబర్నేట్‌లో ఉండగా ఉబుంటు ఎంచుకుంటే, అలాంటి సీ డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ రాసుకోవడానికి మౌంట్ చెయ్యదు, ఉబుంటు పైకి రాదు. ఉబుంటు వైపు కూడా వుబిలో హైబర్నేట్ పనిచెయ్యదు. సస్పెండ్ మాత్రం పనిచేస్తుంది.

12.04 64 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ (డీవీడీ మొత్తం ఒకే ఫైల్‌గా) దింపి, అది సరిగ్గా దిగిందో లేదో ఎండీ5తో సరిచూసి, వుబి ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టారు. పక్కన సరైన ఐఎస్‌ఓ ఉంటే వుబి దాన్నే వాడుకుంటుంది, లేకపోతే నెట్ నుంచి కొత్తగా దింపడం మొదలుపెడుతుంది. ఇక్కడ వెర్షన్ ఖచ్చితంగా కలవాలి. 11.10 వుబి పక్కన 12.04 ఐఎస్‌ఓ పెడితే అది పట్టించుకోదు. అదే ఐఎస్‌ఓతో ఒక డీవీడీ కూడా రాసిపెట్టారు. ఇన్‌స్టాల్‌కి దాని అవసరం లేదు. తర్వాత ఏదైనా చెడితే ఆ డీవీడీయే దిక్కు.

ఇన్‌స్టాల్

వుబి తెరలో అడిగేవి ఆరే: ఏ డ్రైవ్, ఎంత సైజు, ఏ డెస్క్‌టాప్, ఏ భాష, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. సైజు గరిష్ఠంగా 30 జీబీ దాకా ఇస్తుంది. పెట్టే డ్రైవ్ ఫ్యాట్32 అయితే ఒక ఫైల్ 4 జీబీ దాటదు గనక అక్కడ అంతే. ఈ కేసులో 18 జీబీ ఇచ్చారు. ఎక్కువ ఇస్తే మంచిదే కదా అనిపిస్తుంది గానీ, బ్యాకప్ తీసేటప్పుడు ఆ ఫైల్ మొత్తాన్ని మొయ్యాలి. తర్వాత పెంచుకోవడం కష్టం కాదు: లైవ్ డీవీడీలో (రాసిపెట్టిన డీవీడీ నుంచే ఉబుంటు నడిపి) సీని మౌంట్ చేసి, రూట్.డిస్క్‌ని ఈ2ఎఫ్‌ఎస్‌సీకేతో తనిఖీ చేసి, రీసైజ్2ఎఫ్‌ఎస్‌కి ఫైల్ పేరూ కొత్త సైజూ ఇస్తే చాలు.

ఇన్‌స్టాల్ నొక్కాక విండోస్‌లో కాసేపు కాపీలు జరుగుతాయి, రీబూట్ అడుగుతుంది. బూట్ మెనూలో ఉబుంటు ఎంచుకోవాలి. ఇన్‌స్టాలర్ అప్పుడు అసలు పని చేసుకుని, తనే మళ్లీ రీబూట్ చేస్తుంది. ఈ దశలో అడిగేదేమీ ఉండదు. తెర కదలడం లేదని పవర్ బటన్ మీద చెయ్యి వెయ్యకూడదు, అంతే.

ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ రాలేదు. విండోస్ యథాతథంగా లేచింది, ఉబుంటు లేచింది, వైఫై, సౌండ్ రెండూ పనిచేశాయి. తప్పు జరిగింది ఇన్‌స్టాల్ అయ్యాక, ఏమీ చెయ్యకుండా వదిలేసినందుకు: 256 ఎంబీ స్వాప్‌ని అలాగే ఉంచారు, రూట్.డిస్క్ కాపీ తియ్యలేదు.

చెడింది

నెల తర్వాత ఉబుంటులో అప్‌డేట్ నడుస్తుండగా బ్రౌజర్‌లో బోలెడు ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయి. ర్యామ్ నిండింది, 256 ఎంబీ స్వాప్ కూడా నిండింది, హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతోంది, మౌస్ కదలడం లేదు. పది నిమిషాలు చూసి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశారు. మళ్లీ ఆన్ చేసి ఉబుంటు ఎంచుకుంటే నల్ల తెర మీద ఒక ఎన్‌టీఎఫ్‌ఎస్ హెచ్చరిక, దాని కింద 'అలర్ట్! /హోస్ట్/ఉబుంటు/డిస్క్స్/రూట్.డిస్క్ డజ్ నాట్ ఎగ్జిస్ట్', ఆ కింద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు సిస్టమ్ లేవకముందు నడిచే తాత్కాలిక లినక్స్) ప్రాంప్ట్ వచ్చాయి.

ఈ ప్రాంప్ట్ దగ్గర చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు. అయితే ఒక విషయం గమనించాలి. ఇంతదాకా వచ్చిందంటే వుబిఎల్‌డీఆర్ దొరికింది, గ్రబ్ లేచింది, కెర్నెల్ కూడా మెమరీలోకి వచ్చింది. అంటే రీబూట్ చేసిన ఆ క్షణానికి గ్రబ్ రూట్.డిస్క్‌ని చదవగలిగింది. ఫైల్ డిస్క్ మీద ఉంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ పైపై లెక్కలే తప్పాయి. ఇదే చోట తెర మీద 'ట్రై హెచ్‌డీ0,0: నో వుబిఎల్‌డీఆర్' అనే వరసలు వచ్చి ఆగిపోయి ఉంటే రోగం వేరు: సీ డ్రైవ్‌లో నేరుగా (ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా) ఉండాల్సిన వుబిఎల్‌డీఆర్ పోయిందనీ, లేదా చదవలేని స్థితిలో ఉందనీ అర్థం. అప్పుడు రూట్.డిస్క్ క్షేమంగానే ఉండి ఉండొచ్చు.

తర్వాత విండోస్‌కి బూట్ చేశారు. సీ డ్రైవ్‌కి డర్టీ (తనిఖీ కావాలనే) గుర్తు పడింది గనక లేస్తూనే చెక్‌డిస్క్ దానంతటదే నడిచింది. నడవనివ్వాలి, మధ్యలో ఏ కీ నొక్కకూడదు. విండోస్ పూర్తిగా లేచాక చూస్తే సీలో ఉబుంటు ఫోల్డర్ ఉంది, డిస్క్స్ ఫోల్డర్ మాత్రం లేదు. ఇక్కడ గుండె జారి చాలామంది అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ మొదలుపెడతారు. అలా చేస్తే పోయిన ఫైల్ ఉన్న చోటే కొత్త రూట్.డిస్క్ పరుచుకోవచ్చు.

ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి, విన్‌ఇనిట్ పేరుతో ఉన్న 1001 నంబర్ ఈవెంట్ చూస్తే చెక్‌డిస్క్ చేసిన పనంతా ఉంటుంది. అందులో అనాథ ఫైళ్లను తిరిగి చేర్చినట్టు వరసలున్నాయి. ఫైల్ దొరికి దాని తల్లి ఫోల్డర్ దొరక్కపోతే చెక్‌డిస్క్ దాన్ని సీలోనే ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. అది హిడెన్, పైగా సిస్టమ్ ఫోల్డర్. ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఫైళ్లు చూపమన్నా కనపడదు, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ కూడా తియ్యాలి. అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో దాచినవాటితో సహా చూపే డీఐఆర్ /ఏ కొట్టడం తేలిక. లోపల డీఐఆర్0000.సీహెచ్‌కే అనే ఫోల్డర్, దానిలో రూట్.డిస్క్, స్వాప్.డిస్క్ కనిపించాయి. ఒక్కోసారి పేర్లు కూడా పోయి ఫైల్0000.సీహెచ్‌కే అని మాత్రమే మిగులుతుంది. అప్పుడు సైజే గుర్తు. దాదాపు 18 జీబీ ఉన్నది రూట్.డిస్క్, 256 ఎంబీ ఉన్నది స్వాప్.

తొందరపడి దాన్ని వెనక్కి లాగకుండా, ముందు ఒక కాపీ బయటి హార్డ్ డిస్క్‌లోకి తీశారు. ఆ డిస్క్ ఫ్యాట్32లో ఉండటంతో కాపీ మొదలవకుండానే ఫైల్ మరీ పెద్దదని ఆగింది. 4 జీబీ హద్దు ఇక్కడా ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న ఇంకో డిస్క్ తెచ్చి కాపీ చేశాకే, సీలో డిస్క్స్ ఫోల్డర్ కొత్తగా తెరిచి, ఫౌండ్.000లోంచి ఫైళ్లను మూవ్ చేశారు. ఒకే డ్రైవ్‌లో మూవ్ కాబట్టి రెప్పపాటులో అయిపోతుంది, చీటీ మారుతుందే తప్ప సరుకు కదలదు.

లోపలి పెట్టె సంగతి ఇంకా తేలలేదు. లైవ్ డీవీడీతో బూట్ చేసి, ముందు బయటి డిస్క్‌లోని కాపీ మీద ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ నడిపారు. అసలు దాని మీద ప్రయోగాలు ముందే చెయ్యకూడదు. జర్నల్ మళ్లీ ఆడింది, కొన్ని అనాథ ఐనోడ్‌లు (పేరు తెగిన ఫైళ్ల రికార్డులు) తొలగాయి, రెండోసారి నడిపితే క్లీన్ అంది. కాపీని లూప్‌లో, చదవడానికి మాత్రమే మౌంట్ చేసి హోమ్, ఈటీసీ ఫోల్డర్లు, లాస్ట్+ఫౌండ్ చూశారు. అన్నీ చోట్లలోనే ఉన్నాయి. అప్పుడు సీలోని అసలు ఫైల్‌కీ అదే వైద్యం చేసి రీబూట్ చేస్తే ఉబుంటు లేచింది. సగంలో తెగిన అప్‌డేట్ మిగిలింది, దాన్ని పూర్తిచేసే కమాండ్లు ఇవి: డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, ఆ తర్వాత యాప్ట్-గెట్ -ఎఫ్ ఇన్‌స్టాల్. ఒక లైబ్రరీ ప్యాకేజ్ ఫైల్ సున్నా బైట్లుగా మిగలడంతో దాన్ని --రీఇన్‌స్టాల్‌తో మళ్లీ వేశారు.

వేలాడినప్పుడు పవర్ బటన్‌కి బదులు చెయ్యాల్సింది ఇది: ఆల్ట్, సిస్‌రిక్వెస్ట్ (ప్రింట్ స్క్రీన్ కీ మీదే ఉంటుంది) రెండూ పట్టుకుని, ఎస్, యూ, బీ కీలను కొన్ని సెకన్ల తేడాతో నొక్కాలి. ఎస్ మెమరీలో ఉన్న రాతల్ని డిస్క్‌కి దింపుతుంది, యూ ఫైల్ సిస్టమ్‌లని చదవడానికి మాత్రమే మారుస్తుంది, బీ రీబూట్ చేస్తుంది. మామూలు లినక్స్‌కి చెప్పే పెద్ద వరసలో వీటికి ముందు ఈ, ఐ కూడా ఉంటాయి. అవి ప్రాసెస్‌లన్నిటినీ చంపుతాయి. వుబిలో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ కూడా ఒక ప్రాసెసే కాబట్టి, కింద నేలని లాగేసి పైన గోడలు సర్దినట్టవుతుంది. ఆ రెండూ వదిలెయ్యడమే మేలు.

వేలాడటానికి మూలం స్వాప్ కాబట్టి దాన్నీ సరిచేశారు. పాత స్వాప్.డిస్క్ ఆపి, అదే పేరుతో డీడీ అనే కాపీ కమాండ్‌తో 1 జీబీ ఫైల్ రాసి, ఎంకేస్వాప్‌తో దాన్ని స్వాప్‌గా మార్చి, మళ్లీ ఆన్ చేశారు. డీడీతో సున్నాలు నిజంగా రాయాలి. ఖాళీలు వదిలిన స్పార్స్ ఫైల్‌ని స్వాప్‌గా తీసుకోదు. బ్రౌజర్ వాడకం మారకపోయినా ఆ తర్వాత వేలాడలేదు.

ఇదే వర్గంలో ఇంకో ప్రమాదం చెప్పుకోవాలి, ఈ యంత్రంలో జరగకపోయినా. 10.04 కాలంలో గ్రబ్ ప్యాకేజ్ అప్‌డేట్ అయ్యేటప్పుడు గ్రబ్‌ని ఏ డిస్క్ మీద పెట్టాలని అడిగేది. వుబి వాడేవాళ్లు ఎస్‌డీఏ టిక్ పెడితే ఎంబీఆర్ మీద గ్రబ్ పడేది. దానికి కావలసిన మిగతా ఫైళ్లేమో రూట్.డిస్క్ కడుపులో ఉంటాయి, ఎంబీఆర్ నుంచి అక్కడికి దారి ఉండదు. ఫలితం గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్, విండోస్ కూడా లేవదు. మందు విండోస్ రిపేర్ డిస్క్‌లో బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్. అందుకే విండోస్ 7 రిపేర్ డిస్క్ ఒకటి ముందే రాసిపెట్టుకోవాలి.

పార్టిషన్‌కి తరలింపు

ఫైల్ ఒకసారి పోయి దొరికాక వాడేవారే అడిగారు, దీన్ని గట్టి నేల మీద పెట్టలేమా అని. ఈసారి రికవరీ డీవీడీలు తయారీదారు ఇచ్చిన ప్రోగ్రామ్‌తో రాయించి, వాటితో బూట్ అవుతోందో లేదో చూసి, అప్పుడు మొదలుపెట్టారు.

విండోస్‌లో సీని కుదించబోతే 9 జీబీకి మించి ఇవ్వనంది. కదలని ఫైళ్లు మధ్యలో ఉంటే ఖాళీ ఎంతున్నా విండోస్ అక్కడే ఆగుతుంది. విండోస్ స్వాప్ ఫైలైన పేజ్‌ఫైల్ తాత్కాలికంగా ఆపి, సిస్టమ్ రిస్టోర్ ఆపి, రీబూట్ చేసి డీఫ్రాగ్ చేశాక 30 జీబీ ఇచ్చింది. ఖాళీని ఖాళీగానే వదిలేశారు, విండోస్‌లోంచి అక్కడ ఏమీ సృష్టించలేదు. పేజ్‌ఫైల్ మళ్లీ ఆన్ చేశారు.

లైవ్ డీవీడీలో ముందు ఎంబీఆర్ మొదటి 446 బైట్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి డీడీతో కాపీ తీశారు. అలవాటుగా చాలామంది 512 తీస్తారు. 447వ బైట్ నుంచి పార్టిషన్ పట్టిక ఉంటుంది. పార్టిషన్లు మార్చాక ఆ 512నీ తిరిగి రాస్తే పాత పట్టిక వచ్చి కూర్చుంటుంది.

పార్టిషన్లు మార్చే జీపార్టెడ్‌లో రికవరీని తీసేస్తే సీకీ టూల్స్ పార్టిషన్‌కీ మధ్య 44 జీబీ ఒకే ముక్కగా వచ్చింది. అక్కడ ఎక్స్‌టెండెడ్ పెట్టి, లోపల 40 జీబీ ఈఎక్స్‌టీ4 (ఎస్‌డీఏ5), 4 జీబీ స్వాప్ (ఎస్‌డీఏ6) చేశారు. లాజికల్ పార్టిషన్ల నంబర్లు 5 నుంచే మొదలవుతాయి.

రూట్.డిస్క్‌ని లూప్‌లో మౌంట్ చేసి, అందులోనిదంతా ఎస్‌డీఏ5లోకి సీపీ -ఏతో కాపీ చేశారు. లైవ్ డీవీడీ నుంచి చేయడంలో సుఖం ఏమిటంటే /హోస్ట్ ఖాళీ ఫోల్డర్‌గా ఉంటుంది. నడుస్తున్న ఉబుంటులోంచే చేస్తే /హోస్ట్ వెనక సీ డ్రైవ్ మొత్తం ఉంటుంది, రూట్.డిస్క్‌తో సహా. వదిలెయ్యమని చెప్పకపోతే అదంతా కాపీలోకి లాక్కొస్తుంది.

తర్వాత కొత్త చోటులోని ఎఫ్‌స్టాబ్, అంటే బూట్‌లో ఏవి మౌంట్ చెయ్యాలో రాసే ఫైల్. రూట్.డిస్క్, స్వాప్.డిస్క్ పేర్లున్న రెండు వరసలు తీసి, బీఎల్‌కేఐడీ కమాండ్ చూపిన యూయూఐడీలతో (పార్టిషన్ల గుర్తింపు కోడ్‌లు) ఎస్‌డీఏ5, ఎస్‌డీఏ6 వరసలు రాయాలి. డెవ్, ప్రోక్, సిస్ సిస్టమ్ ఫోల్డర్లు మూడింటినీ కొత్త చోటుకి బైండ్ చేసి (జతచేసి), ఆ చోటునే రూట్‌గా చూసే క్రూట్‌లోకి వెళ్లి, మొదట లుపిన్-సపోర్ట్ ప్యాకేజ్‌ని తీసెయ్యాలి. వుబిలో బూట్ సంగతులు చూసేది ఆ ప్యాకేజే. అది ఉండగా గ్రబ్-ఇన్‌స్టాల్ దారి మళ్లించి ఉంటుంది, ఎంబీఆర్ మీదికి పోదు. ఈ మెట్టు తప్పి, గ్రబ్ ఎందుకు ఎక్కడం లేదో తెలియక గంటలు పోగొట్టుకోవడం మామూలే. తీసేశాక గ్రబ్-ఇన్‌స్టాల్ ఎస్‌డీఏకి, ఆపై అప్‌డేట్-గ్రబ్. ఔట్‌పుట్‌లో ఎస్‌డీఏ1 మీద విండోస్ 7 లోడర్ దొరికినట్టు వరస కనబడాలి. ఎస్‌డీఏ5 మీదికి గ్రబ్ ఫైళ్లు వచ్చాయి గనక ఈసారి ఎంబీఆర్ నుంచి వాటికి దారి ఉంది.

రీబూట్ చేస్తే గ్రబ్ మెనూ వచ్చింది. ఉబుంటులో డీఎఫ్ కొడితే రూట్ ఎదురుగా లూప్0 పోయి ఎస్‌డీఏ5 కనిపించింది. విండోస్ ఎంచుకుంటే దాని పాత బూట్ మెనూ, అందులో పాత ఉబుంటు వరస ఇంకా ఉన్నాయి. దాన్ని కావాలనే రెండు వారాలు ఉంచారు.

చివర్లో కంట్రోల్ ప్యానెల్‌లోంచి పాత ఉబుంటుని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యడానికి ముందు సీలోని ఉబుంటు ఫోల్డర్ ఒకసారి తెరిచి చూశారు. అన్‌ఇన్‌స్టాలర్ ఆ ఫోల్డర్‌లో ఏముందని అడగదు, మొత్తం ఊడ్చేస్తుంది, బూట్ మెనూ వరసనీ తీసేస్తుంది. డిస్క్స్ ఫోల్డర్‌లో రూట్.డిస్క్ పక్కనే, ఎవరో జాగ్రత్త కోసం దాచిన రూట్-బ్యాకప్.డిస్క్ అనే 18 జీబీల ఫైల్ కనిపించింది. దాన్ని బయటి డిస్క్‌లోకి మార్చాకే అన్‌ఇన్‌స్టాల్ నొక్కారు.